చంద్రమణికి ఇంకో పూత

మా రాయవలస చంద్రమణి ఇంజను చరిత్ర రాసిపెట్టమని సంరక్షణ సంఘం వారు నన్ను కోరారు. ఆ సంఘానికి ఆఫీసు సూపరింటెండెంటుని నేనే, కోరుతూ తీర్మానం రాసిందీ నేనే కనుక కాదనే వీలు లేకపోయింది. ప్రత్యేక సంచికలో మంత్రిగారి సందేశానికీ, సిమెంటు వ్యాపారి ప్రకటనకీ మధ్య కొన్ని పేజీలు ఖాళీ ఉన్నాయి. అవి నింపాలి.

చరిత్ర అంటే ముందు జమీందారుగారు రావాలి. వెనకటి గుమ్మగెడ్డ జమీందారుగారు, పొరుగు జమీందారు ఏనుగుని కొన్నాడని విని, అయితే నేను రైలు కొంటానన్నారు. ఏనుగు కంటే రైలు ఖరీదని ఆ తరవాత తెలిసింది. అన్న మాట వెనక్కి తీసుకోలేక పట్టాల మధ్య ఎడం తగ్గించి, రెండున్నర అడుగుల లైను వేయించి, ఇంగ్లీషు సీమ నుంచి దానికి సరిపడే చిన్న ఇంజను ఒకటి తెప్పించి, రాణీగారి పేరు పెట్టారు. ఇత్తడి పలక మీద 'చంద్రమణి' అని అందంగా చెక్కించారు. రాణీగారు అందులో ఒక్కసారే ఎక్కారట. పట్టుచీర మీద నిప్పురవ్వ పడిందని మధ్యలో దిగిపోయి, మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

జమీందారీ పోయింది, రాణీగారూ పోయారు. చంద్రమణి మాత్రం గుమ్మగెడ్డ కొండ కింద నుంచి రాయవలస సంత దాకా రోజూ వస్తూ పోతూనే ఉంది. మేకలు అడ్డొస్తే ఆగేది, మనుషులు చెయ్యెత్తితే ఆగేది, కొన్నిచోట్ల ఎవరూ ఏమీ చెయ్యకపోయినా ఆగేది. కొండ కింద ఊళ్ళ ఆడవాళ్ళు అనాసపళ్ళూ, పనసకాయలూ, పసుపుకొమ్ములూ తట్టలకెత్తుకుని అందులో సంతకొచ్చి, అమ్ముకుని, అందులోనే ఇళ్ళకి పోయేవారు. తట్టకి టిక్కెట్టు లేదు. బస్సులో తట్టలు ఎక్కనివ్వరు. ఆటో ఎక్కితే పళ్ళ మీద మిగిలినదంతా ఆటోవాడికే చాలదు.

ఆ ఆడవాళ్ళలో పైల అసిరమ్మ ఒకతె. నిజానికి ఇంజను చరిత్రలో అనాసపళ్ళ మనిషికి చోటు లేదు. కానీ ఆమె నా ప్రతి పేజీలోనూ తట్టతో సహా వచ్చి నిలబడుతోంది. ఎంత పక్కకి జరిపినా జరగడం లేదు.

ఒకనాడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. వారసత్వ విలువగల పాత యంత్రములన్నిటినీ వాటి యథాస్థితికి భంగము కలుగకుండా పరిరక్షించవలెనని దాని సారాంశం. వెంటనే సంఘం ఏర్పడింది. అధ్యక్షులుగా త్రివిక్రమరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన పశువుల శాఖలో ఉండేవారు. సంరక్షణ అన్నాక గేదైనా ఇంజనైనా ఒకటేనని ఆయన సిద్ధాంతం.

మొదటి సమావేశం స్టేషను వెయిటింగు రూములో జరిగింది. బయట చంద్రమణి అప్పుడే సంత బండి తెచ్చి, ఆయాసం తీర్చుకుంటున్నట్టు ఆవిరి వదులుతోంది.

"ఆ శబ్దమేమిటి?" అని అడిగారు త్రివిక్రమరావుగారు.

"ఇంజనండి. నడుస్తోంది," అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఇంతటి వారసత్వ సంపదను నడుపుచున్నారా? నడుచుట వలన అరుగుదల కలుగును. అరుగుదల వలన యథాస్థితికి భంగము కలుగును. కావున తక్షణమే ఆపవలెను."

సభ్యులందరూ ఆ తర్కానికి ముగ్ధులయ్యారు. నేనూ అయ్యాను. అంతవరకూ అరిగిపోతున్న ఇంజనుని చూస్తూ ఊరుకున్నందుకు మాకు సిగ్గేసింది. గుమ్మంలో తట్ట దించుకుని నిలబడిన అసిరమ్మకి మాత్రం ముగ్ధురాలయ్యే ఓపిక లేకపోయింది.

"అయితే రేపట్నించి బండి నేదా బాబూ?" అంది.

"లేకపోవడం కాదమ్మా, దానికి గౌరవం దక్కింది," అన్నారు అధ్యక్షులు.

"గౌరవం దానికి దక్కితే దక్కనీ. మా తట్టలు సంతకెవులు మోస్తారు?"

"సంరక్షణ పూర్తియైన పిదప విశేష దినములలో నడుపుట గురించి పరిశీలింపబడును."

ఆమెకి అర్థం కాక నా వైపు చూసింది. "ఎప్పుడు బాబూ?" అని అడిగింది.

"తొందర్లోనే," అన్నాను. అది మా ఆఫీసులో అందరికీ చెప్పే మాటే.

ఆ మర్నాటి నుంచి చంద్రమణి రాయవలస స్టేషన్లోనే ఉండిపోయింది, వెనక మూడు పెట్టెలతో సహా. అసిరమ్మా, మిగతా ఆడవాళ్ళూ పట్టాల వెంట నాలుగైదు కోసులు నడిచి సంతకి రావడం మొదలుపెట్టారు. నెత్తిన మోయగలిగినన్ని పళ్ళే తెచ్చేవారు. మిగతావి తోటల్లోనే మగ్గి కుళ్ళేవి. సంతకొచ్చినప్పుడల్లా అసిరమ్మ స్టేషన్లో నా ఆఫీసు కిటికీ దగ్గర ఆగి, "బండెప్పుడు కదుల్తాది బాబూ?" అని అడిగి పోయేది.

ముందుగా ఊడదీయడానికి వీలైనవన్నీ దొంగల పాలు కాకుండా భద్రపరిచాం. ఇత్తడి కూత గొట్టాన్ని అధ్యక్షులు తమ బంగళాలో భద్రపరిచారు. ముందు దీపాన్ని ఉపాధ్యక్షులు వాళ్ళింటి వసారాలో భద్రపరిచారు. బొగ్గు పార కోశాధికారిగారి తోటలో, రోజూ వాడుకలో, భద్రంగా ఉంది. నేను చిన్న ఉద్యోగిని కనుక నాకు ఒక నూనె డబ్బా మాత్రం దక్కింది. ఇవన్నీ లేకుండా ఇంజను ఎలా నడుస్తుందని పాత డ్రైవరు అప్పలసూరి అడిగాడు. నడపడం లేదు కదా, ఇక ఇబ్బందేమిటని అధ్యక్షులు బదులిచ్చారు. అప్పలసూరి ఇంటికి పోయాడు.

తరవాత రంగు సంగతి.

ఆ ఏడు పైఅధికారి ఒకాయన తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. అధికారి వస్తున్నాడంటే చెట్ల మొదళ్ళకి సున్నం, రాళ్ళకి జేగురు రంగు పడాలి. ఇంజనుకి వెయ్యకపోతే బాగుండదని పెయింటరు తవిటినాయుడిని పిలిపించాం. అతను ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, ఒంటినిండా జిడ్డు ఉంది, ముందు కిరసనాయిలుతో తుడిచి, పాతరంగు గోకి, ఆ పైన వెయ్యాలన్నాడు.

త్రివిక్రమరావుగారు ఉలిక్కిపడ్డారు. "ఆ జిడ్డు ఏనాటిదో తెలుసునా? జమీందారులనాటిది కూడా కావచ్చును. తుడుచుట, గోకుట నిషిద్ధము. ఉన్నదానిపై వేయుము."

"నిలవదు బాబూ," అన్నాడు తవిటినాయుడు.

"నిలుచుట, నిలువకపోవుట సంఘము చూచుకొనును."

తవిటినాయుడికి పని కావాలి. జిడ్డు మీదే నల్లరంగు చిక్కగా వేశాడు. అడుగున ఎవరూ వంగి చూడరు కనుక అడుగున వెయ్యలేదు. అధికారి వచ్చి, ఇంజను పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, చేతికంటిన రంగు నా రుమాలుకి తుడుచుకుని వెళ్ళారు.

అక్కణ్నుంచి ఎవరొచ్చినా ఒక పూత పడింది. ఒక అధికారికి నలుపు అశుభమని ఆకుపచ్చ వేయించాం. ఒకాయనకి ఆకుపచ్చ కళ్ళకి పడదని తెలిసి మెరూన్ వేయించాం. ప్రభుత్వం మారినప్పుడు ఒక రంగు, వచ్చిన ప్రభుత్వమే మళ్ళీ వచ్చినప్పుడు అదే రంగు ఇంకాస్త ముదురుగా వేయించాం. ప్రతిసారీ ఉన్నదాని మీదే వేశాం. ఎందుకంటే కింది పూత కూడా అప్పటికి వారసత్వం అయిపోయేది.

కొన్నేళ్ళకి చంద్రమణి ఒళ్ళు చేసింది. ఇత్తడి పలక మీది అక్షరాలు మూసుకుపోయాయి. బోల్టులు బొబ్బల్లా, ఆ తరవాత నునుపుగా అయిపోయాయి. డ్రైవరు ఎక్కే సందు ఇరుకై, చివరికి పూడిపోయింది. ఏటేటా కొలతలు తీసి పైకి పంపేవాళ్ళం. కొలతలు పెరుగుతున్నాయి గనుక సంరక్షణ సత్ఫలితాలనిస్తున్నదని పైనుంచి మెచ్చుకుంటూ రాశారు.

ఒకసారి బాయిలరు మీద ఎండకి చచ్చి ఎండిపోయిన బల్లి ఒకటి ఉందట. తవిటినాయుడి కూలీ చూసుకోకుండా దాని మీంచే కుంచె లాగేశాడు. పూతలు పడేకొద్దీ బల్లికి పొంకం వచ్చింది. పట్నం నుంచి ఒక పరిశోధకులవారు వచ్చి, దాన్ని భూతద్దంతో చూసి, ఇది జమీందారుగారి వంశచిహ్నమనీ, ఇంజను గండాలు దాటడానికి సీమలోనే పోత పోయించి ఉంటారనీ పెద్ద వ్యాసం రాశారు. మా జాబితాలో 'కంచు బల్లి, ఒకటి' అని చేర్చాం.

అలాగే డ్రైవరు నిలబడే చోట తవిటినాయుడు మరిచిపోయిన టిఫిను కేరేజీ కూడా పూతల్లో కలిసిపోయింది. అతను వచ్చి నీళ్ళు నములుతూ అడిగాడు.

"బాబూ, నా కేరేజీ ఇప్పించండి. మా ఆడది రోజూ దెబ్బలాడుతున్నాది."

అధ్యక్షులు జాబితా చూశారు. "అది ఆవిరి ఒత్తిడిని క్రమపరచు మూడంతస్తుల సాధనమని నమోదై యున్నది. తొలగించినచో యథాస్థితికి భంగము."

"అందులో చారున్నాది బాబూ."

"అయినచో అదియును."

తవిటినాయుడు కొత్త కేరేజీ కొనుక్కున్నాడు. అసిరమ్మ మాత్రం అడగడం మానలేదు. నాకు ఆమె మీద ఒక్కోసారి ఒళ్ళు మండేది. ప్రపంచంలో ఎవరికీ లేని తొందర ఈవిడకేమిటి అనుకునేవాణ్ణి. మోకాళ్ళు వాచి, కర్ర పట్టుకుని, తట్టలో సగం పళ్ళే తెచ్చే రోజులొచ్చాయి. అయినా కిటికీ దగ్గర ఆగేది.

"నా ఓపికున్నప్పుడే నడిపించండి బాబూ. మరో రెండేళ్ళు పోతే నాను సంతకి రానేను. సంత నేకపోతే మా ఇంట పొయ్యి నేదు," అంది ఒకసారి. నేను మళ్ళీ తొందర్లోనే అన్నాను.

ఆమె నా మాట నమ్మడం మానేసిందని మంత్రిగారు ఇంజను చూడ్డానికి వచ్చినరోజు తెలిసింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, మగ్గిన అనాసపండు ఒకటి కోసి ఆయన చేతిలో పెట్టింది. పండు తియ్యగా ఉంది. కెమెరాలు చూస్తున్నాయి.

"ఏం కావాలమ్మా?" అన్నారు మంత్రిగారు.

"సెంద్రమ్మ నడవాల బాబూ," అంది.

"నడుస్తుంది. వచ్చే ఉత్సవంనాడు నేనే జెండా ఊపుతాను. మొదటి ప్రయాణం నీదే," అన్నారాయన. జనం చప్పట్లు కొట్టారు. మా అధ్యక్షులు కూడా కొట్టక తప్పలేదు.

ఆ రాత్రికి రాత్రే అత్యవసర సమావేశం పెట్టి, ఇంజనుకి ఇంకో పూత వేయించాలని తీర్మానించాం.

ఉత్సవంనాడు స్టేషనంతా కాగితపు జెండాలు. అసిరమ్మా, కొండ కింద ఆడవాళ్ళూ సంత ముగించుకుని, ఖాళీ తట్టలతో వచ్చి పెట్టెల్లో కూర్చున్నారు. అప్పలసూరిని ఇంటి దగ్గర్నుంచి పిలుచుకొచ్చాం. అతను ఇంజను చుట్టూ తిరిగి, ఎక్కడెక్కాలని అడిగాడు. ఎక్కడానికి చోటు లేదు. నిప్పెక్కడ వెయ్యాలని అడిగాడు. తలుపు కనబడలేదు. పైగా చక్రాల మీంచి కారిన రంగు పట్టాల మీద గడ్డకట్టి, రెండూ ఒకటైపోయాయి.

మంత్రిగారు జెండా ఊపేశారు. బ్యాండు మోగింది. ఇంజను కదల్లేదు.

"కొంచెము పైకెత్తినచో పట్టు వదులును," అన్నారు త్రివిక్రమరావుగారు చెమట తుడుచుకుంటూ. వంతెన పనికొచ్చిన క్రేను ఒకటి దగ్గర్లోనే ఉంది. తెప్పించి, చంద్రమణి నడుముకి మోకులు చుట్టి ఎత్తించాం.

చంద్రమణి లేచింది. జనం హర్షధ్వానాలు చేశారు. పొగగొట్టంతో, బల్లితో, కేరేజీతో సహా తేలిగ్గా గాల్లోకి లేచింది. అంత తేలిగ్గా ఎలా లేస్తోందా అని కిందికి చూస్తే, పట్టాల మీద ఇంకో చంద్రమణి ఉంది.

పైది రంగు, కిందిది ఇంజను. జిడ్డు మీద వేసిన మొదటి పూత ఇనుముకి అంటనేలేదు. ఇన్నేళ్ళ పూతలన్నీ ఒకదానికొకటి అంటుకుని, ఇడ్లీరేకు మీంచి ఇడ్లీ లేచినట్టు, డొల్ల ఒక్కటీ ఊడి వచ్చేసింది. దాని కింద ఇనుము, గాలీ వానా తగలక, ఆపిన రోజు ఎలా ఉందో అలాగే జిడ్డోడుతూ నిగనిగలాడుతోంది. పలక మీద 'చంద్రమణి' అన్న అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ క్షణంలో నేను సూపరింటెండెంటునన్న సంగతి మరిచిపోయాను.

అప్పలసూరి ఎక్కి, పిడులు తిప్పి చూశాడు. "బాగున్నాది బాబూ. పోయినవి తెచ్చి బిగిస్తే నాల్రోజుల్లో నడిపించీస్తాను," అన్నాడు.

అసిరమ్మ పెట్టె దిగి వచ్చి, ఇనుము మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇదే మా సెంద్రమ్మ," అంది. కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

క్రేనువాడు డొల్లని పక్క లైను మీద దించాడు. మంత్రిగారు రెంటినీ చూసి, ఇంతకీ ఏది అసలుదని అడిగారు. పరిశీలించి నివేదిస్తామన్నారు మా అధ్యక్షులు.

పరిశీలన జాబితా ప్రకారం జరిగింది. త్రివిక్రమరావుగారు ఒక్కొక్కటే చదివారు, నేను చూసి చెప్పాను.

"పొడవు?"

"డొల్లకి సరిపోయిందండి. ఇనుము తక్కువుంది."

"కంచు బల్లి?"

"డొల్లకి ఉందండి. ఇనుముకి లేదు."

"ఒత్తిడి సాధనము?"

"డొల్లకే ఉందండి."

"రంగు?"

"ఇనుముకి లేదండి."

ఆయన జాబితా మూశారు. "స్పష్టముగానే యున్నది. మన రికార్డులలో నున్న చంద్రమణి పక్క లైనుపై నున్నది. ఈ ఇనుప వస్తువు దేనితోను సరిపోలుట లేదు. అనుమతి లేకుండ వారసత్వ సంపద లోపల ఇన్నేళ్ళు దాగియున్న అనధికార వస్తువుగా దీనిని పరిగణించి తొలగించవలెను."

"దాని మీద పేరుంది కదండి," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"పేరెవరైనను పెట్టుకొనవచ్చును."

అసిరమ్మ ఆయనకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. "నాను పెళ్ళై వొచ్చిన కాడ్నించి దీని ఎనకాల కూకొని సంతకొచ్చినాను బాబూ. నాకు తెల్దా? మా ఆళ్ళందరికీ తెల్సు. అడగండి."

"నీ వాదనకు వ్రాతపూర్వక ఆధారమేదైన నున్నదా?"

ఆమె దగ్గర ఉన్నది తట్ట ఒక్కటే.

ఇనుముని పాతసామాన్ల వ్యాపారికి వేలం వేశాం. గ్యాసు మంటతో స్టేషను ఆవరణలోనే ముక్కలు కోసి లారీకెత్తించుకుపోయాడు. ఆ కోత నడుస్తున్నన్నాళ్ళూ అసిరమ్మ సంతకి ఊరవతల దారిన పోయింది. నా కిటికీ దగ్గర ఆగలేదు. అడగడం మానేసిందని నాకు హాయిగా ఉండాల్సింది. లేదు. ఎన్నాళ్ళుగానో తింటున్న తిట్లు ఒక్కసారి ఆగిపోయినట్టు వెలితిగా ఉండేది.

డొల్లని మాత్రం వెదురు కర్రలు ఊతంగా పెట్టి, పెట్టెల ముందు నిలబెట్టాం. పట్నం నుంచి జనం వచ్చి చూసి పోతున్నారు. ఒక్కటే ఫిర్యాదు వచ్చింది, పెట్టెలు బోసిగా ఉన్నాయని. పాత ఫొటోలు తీసి చూస్తే అప్పట్లో కిటికీ కిటికీకీ ఆడవాళ్ళూ, తట్టలూ ఉన్నారు. యథాస్థితి అంటే వాళ్ళు కూడానన్న విషయం ఇన్నేళ్ళూ మా దృష్టికి రాకపోవడం పెద్ద లోపమే. త్రివిక్రమరావుగారు నొచ్చుకుని, 'వారసత్వ ప్రయాణికులు' అనే ఉద్యోగాలు సృష్టించారు. పెట్టెలో కిటికీ పక్కన తట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. నిజం పళ్ళు ఉండకూడదు, ఈగలు ముసురుతాయి. మట్టి అనాసలు మేమే చేయించి, రంగు వేయించి ఇస్తాం. అనుభవం ఉన్నవాళ్ళకి ప్రాధాన్యం.

అసిరమ్మని మించిన అనుభవం ఎవరికుంది? నేనే కబురు పెట్టాను. వచ్చి, కర్ర గోడకి ఆనించి, అంతా వింది.

"కూకోడమేనా బాబూ?"

"కూర్చోడమే."

"ఎక్కడ దిగమంటారు?"

"ఎక్కిన చోటే," అన్నాను.

ఇంట పొయ్యి వెలగాలి. ఒప్పుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆమెని ఫొటోలు తీస్తారు. నవ్వమంటే నవ్వుతుంది. సంఘం చరిత్రలో ఇంత చక్కగా సంరక్షింపబడిన వస్తువు మరొకటి లేదని త్రివిక్రమరావుగారు మొన్నటి సభలో అన్నారు. ఇక్కడితో నా చరిత్ర ముగించవచ్చు. నిన్న ఆమె ఉద్యోగానికి ఆలస్యంగా రాకపోయి ఉంటే ముగించేవాణ్ణే.

పట్నం నుంచి వచ్చిన అతిథులు కిటికీ ఖాళీగా ఉందని అడిగారు. ఎండ ముదిరాక అసిరమ్మ పట్టాల వెంట కర్ర పొడుచుకుంటూ, ఒగురుస్తూ వచ్చింది. పాదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఆలస్యానికి కారణం రాయాలి కనుక అడిగాను.

"గుమ్మగెడ్డ కాడ్నించి నడిసొచ్చినాను బాబూ," అంది. "బండి నేదు కదా."

కారణం సంతృప్తికరంగా లేదని రాసి, ఆ పూటకి గైర్హాజరు వేశాను.